గోధుమ రవ్వ పాయసం తక్కువ ఖర్చులో: బెల్లం వేసినా పాలు విరగకూడదు, ఎలా?

బనశంకరి వంటిల్లు:
ఆరుగురికి సరిపడా పాయసం చేయాలి. జీడిపప్పు, కండెన్స్‌డ్ మిల్క్ వద్దు, తీపికి బెల్లమే. దొడ్డు గోధుమ రవ్వ మేలా, కొర్రలా? రెండు చిక్కులున్నాయి. బెల్లం పడగానే పాలు విరుగుతున్నాయి. ఎలాగో గట్టెక్కినా గంటకల్లా ముద్దయిపోతోంది. పాలు నందిని నీలం ప్యాకెట్, కుక్కర్ ఉంది.

గరిటె:
ఖర్చు చూసుకుంటే గోధుమ రవ్వే. ఇక్కడ బెంగళూరు కొట్లలో కన్నడంలో గోధి నుచ్చు అని అడగండి. బొంబాయి రవ్వ ఇస్తే తీసుకోకండి, అందులో పొట్టు ఉండదు. మీక్కావాల్సిన రవ్వలో గోధుమరంగు పొట్టు కంటికి కనబడాలి.

రవ్వ 100 గ్రాములు, పెసరపప్పు 25, తురిమిన బెల్లం 150, పాలు అర లీటరు, నెయ్యి రెండు చెంచాలు, ఏలకులు నాలుగు, చిటికెడు ఉప్పు. పెసరపప్పు చిక్కదనానికి. అదుంటే పాలు లీటరు పోయక్కర్లేదు, ఖర్చు తగ్గేది అక్కడే.

చెంచా నెయ్యిలో పప్పు, రవ్వ సన్నసెగన కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి, అర లీటరు నీళ్లు పోసి నాలుగు కూతలు రానివ్వండి. ఆవిరి దానంతటదే పోవాలి. ఒక పలుకు తీసి వేళ్లతో నలపండి, నడుమ తెల్లటి గట్టి చుక్క తగిలితే ఇంకో కూత. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది కాబట్టి నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. మూతలేని గిన్నెలో అయితే ఉడకడం మరీ ఆలస్యం.

రవ్వ మెత్తబడకముందు బెల్లం వేయొద్దు. తీపి నీళ్లను పట్టేసుకుంటుంది, ఆ తర్వాత ఎంతసేపు ఉడికించినా పలుకు పలుకుగానే ఉంటుంది. బెల్లాన్ని 100 మి.లీ. నీళ్లలో కరిగించి బట్టలో వడగట్టండి, అడుగున ఇసుక ఎంత మిగులుతుందో చూస్తే మీకే తెలుస్తుంది. తీగపాకం అక్కర్లేదు. ఉడికిన రవ్వలో పోసి పచ్చివాసన పోయేదాకా ఐదు నిమిషాలు ఉంచి దించేయండి.

పాలు విరిగేది బెల్లంలోని పులుపు వల్ల, ప్యాకెట్ తప్పేం లేదు. పులుపుకి వేడి తోడైతే పాలలోని మాంసకృత్తులు గడ్డకడతాయి. అందుకే పాలు విడిగా కాచి గోరువెచ్చగా చల్లార్చాలి, బెల్లం రవ్వని పది నిమిషాలు ఆరనివ్వాలి, అప్పుడు కొద్దికొద్దిగా కలపాలి. కలిపాక మళ్లీ పొయ్యెక్కించొద్దు.

చిరుధాన్యం:
రుచికి నా ఓటు కొర్రలకే. కన్నడంలో నవణె. ఖర్చు మాత్రం ఎక్కువే. రాళ్లు ఉంటాయి, రెండుసార్లయినా గాలించాలి. గంట నానబెట్టి, ఒకటికి నాలుగు నీళ్లు, మూడు కూతలు. పాతబడితే పొట్టులోని నూనె కంపుకొట్టి పాయసం చేదవుతుంది, ఎంత బెల్లం వేసినా ఆ చేదు దాగదు. కొనేముందు గుప్పెడు వాసన చూడండి, అరకిలోకి మించి తేవద్దు.

పాలకు బదులు కొబ్బరిపాలు పోస్తే విరిగే బెడద ఉండదు. రెండోపాలతో ఉడికించి, చిక్కటి మొదటిపాలు దించాక పోయాలి. అవి మరిగితే నూనె తేలుతుంది. కాయ ధర మండిపోతుంటే మాత్రం మానేయండి. జీడిపప్పు బదులు పొట్టు తీసిన వేరుశనగపప్పు నేతిలో వేయించి వేస్తే చాలు.

బనశంకరి వంటిల్లు:
ముందురోజు చేసి పెట్టుకోవచ్చాండీ? మళ్లీ వేడిచేస్తే?

గరిటె:
చేసుకోవచ్చు, పాలు మాత్రం కలపకండి. బెల్లం రవ్వ వరకూ ఫ్రిజ్‌లో పెట్టి, వడ్డించేముందు ఆ గిన్నెను వేడినీళ్ల గిన్నెలో ఉంచి గోరువెచ్చ చేసి, అప్పుడు పాలు పోయండి. రవ్వ చల్లారుతూ కూడా నీళ్లు పీలుస్తూనే ఉంటుంది, ముద్దయ్యేది అందుకే. అప్పటికప్పుడు చేస్తుంటే పప్పుపులుసంత జారుగా ఉండగానే ఆపేయండి, అరగంటలో సరిపోతుంది. అయినా బిగిస్తే కాచి చల్లార్చిన పాలు ఓ అరగ్లాసు కలపండి, నీళ్లు పోస్తే తీపి చప్పబడుతుంది.