ద క్యూర్ కొత్త ఎల్‌పీ: చివరి పాటలో గరగర

గవర్నర్‌పేట_రాక్: 2008 తర్వాత ఇంగ్లిష్ రాక్ బ్యాండ్ ద క్యూర్ స్టూడియో ఆల్బం మళ్లీ 2024 నవంబర్ 1నే వచ్చింది, ‘సాంగ్స్ ఆఫ్ ఎ లాస్ట్ వరల్డ్’. మొదటి పాటలో మూడు నిమిషాలు దాటాక గానీ గాయకుడు రాబర్ట్ స్మిత్ గొంతు వినపడదు, ఆ నిరీక్షణ అద్భుతం! కానీ పది నిమిషాల చివరి పాటలో సింబల్స్ (డ్రమ్స్ మీది కంచు తాళాలు) గరగరమంటున్నాయి. నా రికార్డ్ ప్లేయర్ కార్ట్రిడ్జ్ (సూదిని పట్టి ఉంచే భాగం) ఆడియో-టెక్నికా ఏటీ-వీఎం95ఈ. లోపం రికార్డు ప్లేటుదా, సూదిదా?

బ్రాడీపేట_గాడి: ముందు సూది ప్లేటు మీద మోపే బరువు తూచండి, ఈ కార్ట్రిడ్జ్‌కి 2 గ్రాములు ఉండాలి. తక్కువ పెడితే ప్లేటుకి మంచిదనుకుంటారు, తప్పండీ. సూది గాడిలో నిలవక గోడల్ని కొట్టేస్తుంది. ప్లేటు వేగం నిమిషానికి 33⅓ చుట్లే అయినా, బయటి అంచున సూది కింద సెకనుకి 50 సెం.మీ. గాడి సాగుతుంది, మధ్యలో లేబుల్ దగ్గర 21 మాత్రమే, అంటే అంతే శబ్దం తక్కువ గాడిలో ఇరుక్కుంటుంది. అందుకే చివరి పాటకే ఈ బాధ. కుడి స్పీకర్‌లోనే గరగర ఉంటే యాంటీ-స్కేట్ (సూది చేయి లోపలికి లాక్కుపోకుండా ఆపే సెట్టింగు) కొద్దిగా పెంచండి.

గవర్నర్‌పేట_రాక్: అవునండీ, కుడివైపే ఎక్కువ.

కృష్ణలంక_వినైల్: అప్పటికీ తగ్గకపోతే అదే కార్ట్రిడ్జ్ బాడీకి ఎంఎల్ (మైక్రోలీనియర్, సన్నటి మొన ఉన్న) సూది పడుతుంది, లోపలి గాడుల్లో తేడా స్పష్టంగా తెలుస్తుంది. సూదిని వెనక నుంచి ముందుకే తుడవాలి. ఇంకొకటి, మన ఎండలకి ప్లేటుని కారులో వదిలితే వంగిపోతుంది, ఆ వంపు ఏ సెట్టింగుకీ లొంగదు.