పైథాన్ గ్రూపులో ఏ ప్రశ్నలు ఉంచాలి, ఏవి తీసేయాలి?

నమస్కారం అండి. పైథాన్ ప్రోగ్రామింగ్ భాష నేర్చుకునేవాళ్ల కోసం టెలిగ్రామ్‌లో తెలుగు గ్రూపు నడుపుతున్నాను. కోడ్ ప్రశ్నలే అడగాలని రూల్. మొన్న ఒకమ్మాయి "పిప్ కమాండ్‌ని విండోస్ గుర్తించట్లేదు" అని అడిగింది (పిప్ అంటే పైథాన్ ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేసే టూల్). ఇది పైథాన్ ప్రశ్నా, విండోస్ ప్రశ్నా? పాత్ (కమాండ్లని విండోస్ ఎక్కడ వెతకాలో చెప్పే సెట్టింగ్) సరిచేస్తే పోయేదే కదా అని నేను ఉంచాను, ఇంకో అడ్మిన్ తీసేశారు. పాపం, ఆ అమ్మాయి గ్రూపులోంచే వెళ్లిపోయింది.

ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల సైట్ స్టాక్ ఓవర్‌ఫ్లో వాళ్లయితే 2009లోనే సర్వర్ల గొడవలకి సర్వర్ ఫాల్ట్, మామూలు కంప్యూటర్ సమస్యలకి సూపర్ యూజర్ అని వేరే సైట్లు పెట్టేశారు. మాకు అంతమంది ఎక్కడ?

"ఏ ల్యాప్‌టాప్ కొనాలి" అంటే ఆలోచించకుండా తీసేస్తాం. "జాంగో మంచిదా, ఫ్లాస్కా" అంటేనే టెన్షన్ (రెండూ పైథాన్‌తో వెబ్‌సైట్లు కట్టే ఫ్రేమ్‌వర్క్‌లు). వాదన అర్ధరాత్రి దాకా సాగుతుంది, కోడ్ మాత్రం ఒక్క లైనూ ఉండదు.

ఇలాంటి గ్రూపులు నడిపినవాళ్లు దేన్ని చూసి తేలుస్తారు? పిప్ ప్రశ్నని మీరైతే ఉంచేవారా?