జోలాపుట్‌కి చుట్టాల్ని తీసుకెళ్తున్నా, మీ అనుభవాలు చెప్పండి

జయపురం కుర్రాడు:
సంక్రాంతికి విజయనగరం నుంచి పిన్ని వాళ్లు వస్తున్నారు. ఆంధ్ర, ఒడిశా సరిహద్దులో ఉన్న జోలాపుట్ జలాశయం, డుడుమ జలపాతం, గురువారం ఒనకడిల్లి సంత చూపించమంటున్నారు. పోయినేడాది మా బండిలో వచ్చినాయన సంతలో ఓ బొండా తెగ ముసలమ్మ మొహం మీదకి ఫోన్ పెట్టేశాడు. ఆమె మెడలో పూసలకి చెయ్యి అడ్డం పెట్టుకుని అటు తిరిగిపోయింది. ఎదురుగా ఉన్న చింతపండు కుప్ప వంక మళ్లీ చూడనే లేదు. ఆయన్ని ఆపలేకపోయానని నాకు ఇప్పటికీ బాధే. ఈసారి ఎలా వెళ్లాలి?

కొరాపుట్ టీచరమ్మ:
సంతకి వెళ్లు బాబూ, కానీ సరుకు కొనడానికి వెళ్లు. బొండాలు ఆదిమ తెగల్లో ఒకరు. అలాంటి తెగల ఊళ్లకి వెళ్లే పర్యాటకుల మీద 2012లో ఒడిశా ప్రభుత్వం ఆంక్షలు పెట్టింది. ఫోన్ బండిలోనే ఉంచండి. చిల్లర పట్టుకెళ్లండి, బేరం ఆడకండి. గదబ తెగ ఆడవాళ్లు చెట్టునార వడికి, ఎరుపు, నీలం, తెలుపు చారలతో కెరంగ్ చీర నేసేవారు. ఇప్పుడు నేసే చేతులు తగ్గిపోయాయి. ఎక్కడైనా దొరికితే అడిగినంత ఇచ్చి తీసుకో.

రాయగడ ట్రావెల్స్:
అమ్మా, ఒక మాట. టూరిస్టులు రాకపోతే ఆ ఊళ్లకి డబ్బు ఎలా వస్తుంది? సాయంత్రం మంట వేసి దెంసా, అంటే గిరిజనుల నాట్యం, ఆడించమని టూరిస్టులే అడుగుతారు. ఆడినవాళ్లకి కూలి ఇస్తున్నాం.

కొరాపుట్ టీచరమ్మ:
ఇవ్వడం మంచిదే. కానీ దెంసా పుష్ పొరబ్ అనే పుష్య మాసపు పండక్కీ, చైత్ర పండక్కీ ఊరంతా చేతులు కలిపి ఆడుకునే ఆట. ఓసారి అన్నం మధ్యలో లేపి ఆడించడం చూశాను. ఆ రాత్రి నాకు ముద్ద దిగలేదు. ఎప్పుడు ఆడాలో, ఎంత తీసుకోవాలో ఊరివాళ్లనే చెప్పనివ్వండి.

బరంపురం నుంచి:
చిలికా సరస్సు ఒడ్డున మంగళాజోడి అనే ఊరు చూడండి. ఒకప్పుడు పిట్టల్ని వేటాడినవాళ్లే ఇప్పుడు గైడ్లు. మోటారు ఉండదు, గెడకర్రతో పడవ నెడతారు, పిట్ట లేచిపోదు. 2018లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ అవార్డు కూడా వచ్చింది. పడవ వాళ్లదే, కబుర్లూ వాళ్లవే, డబ్బూ ఊళ్లోనే ఉంటుంది. అదే చిలికాలో ఇంకోచోట మా పడవవాడు డాల్ఫిన్ల వెనకే మోటారు తోలాడు. వద్దన్నా వినలేదు.

మాచ్‌ఖండ్ క్వార్టర్స్:
మా నాన్నగారు ఇక్కడి మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రంలోనే పనిచేశారు. ఆంధ్ర, ఒడిశాల ఉమ్మడి ప్రాజెక్టు ఇది, 1955లో కరెంటు మొదలైంది. దానికోసం కట్టిన జోలాపుట్ నీళ్ల కింద గిరిజనుల ఊళ్లున్నాయి. ఎండాకాలం నీరు తగ్గినప్పుడు ఓ పెద్దాయన నాటు పడవలో తీసుకెళ్లి, తెడ్డు ఆపి, "మా ఇల్లు ఇక్కడ" అన్నాడు. తెడ్డు నీళ్లలోకి నిలువునా దించి, అడుగు తగిలాక కాసేపు అలాగే పట్టుకున్నాడు. సెల్ఫీల కంటే ముందు పిన్ని గారికి ఈ సంగతి చెప్పు బాబూ. ఒడ్డున ప్లాస్టిక్ గ్లాసులు పారెయ్యొద్దు, ఆ నీళ్లే చుట్టుపక్కల ఊళ్లవాళ్లు తాగుతారు.

జయపురం కుర్రాడు:
పిన్నితో మాట్లాడాను. ఫోన్లు బండిలోనే. మధ్యాహ్నం భోజనం ఊళ్లో ఓ ఇంటివాళ్లకి ముందే చెప్పి, చోడి అంబలి, కందిపప్పు చేయిద్దామంది. చిన్నప్పుడు వాళ్లమ్మ చేసిన అంబలేనట. గిన్నెలు మేమే పట్టుకెళ్తున్నాం.