శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎర్ర రంగు లేని మూల దగ్గర కారు ఆపొచ్చా?

శాన్‌ఫ్రాన్సిస్కోలో రోజూ కారు వీధిలోనే పెట్టుకునేవాళ్లు కాస్త చెప్పండి. క్రాస్‌వాక్‌కి (నడిచేవాళ్లు రోడ్డు దాటే చోటుకి) ముందు, అంటే బండ్లు దాని వైపు వచ్చే పక్కన, 20 అడుగుల లోపు కారు ఆపకూడదన్నది ఇప్పుడు కాలిఫోర్నియా చట్టం. కర్బ్‌కి (ఫుట్‌పాత్ అంచుకి) ఆపకూడదని చెప్పే ఎర్ర రంగు లేకపోయినా, బోర్డు లేకపోయినా వర్తిస్తుంది. కొత్తగా ఇండియా నుంచి వచ్చినవాళ్లు రంగు చూసి మోసపోయేది ఇక్కడే. గీతలు లేని క్రాస్‌వాక్ కూడా లెక్కలోకే వస్తుంది కదా, మరి టీ ఆకారపు జంక్షన్‌లో ఆ 20 అడుగులు ఎక్కడి నుంచి కొలవాలి? అడ్డరోడ్డు ఫుట్‌పాత్ గీత రోడ్డు మీదుగా సాగినట్టు ఊహించుకునా? రంగు వేయని మూలల్లో టికెట్లు నిజంగా పడుతున్నాయా?

ఇంకోటి. 3 శాతం దాటిన వాలులో చక్రాలు తిప్పాలి. దిగువకైతే కర్బ్ వైపు. ఎగువకైతే రోడ్డు వైపు తిప్పి, ముందు టైరు వెనక అంచు కర్బ్‌కి మెల్లగా ఆనేదాకా వెనక్కి వదలాలి, హ్యాండ్‌బ్రేక్ సరేసరి. కర్బ్‌కి సమాంతరంగా పెట్టినప్పుడు ఇదంతా స్పష్టమే. కర్బ్‌కి అడ్డంగా, 90 డిగ్రీల్లో పెట్టే వీధుల్లో ఎటు తిప్పాలి? వాలు ఎంతుందో కంటితో తేల్చడం కష్టం కాబట్టి, చదునుగా కనిపించినా తిప్పి పెట్టడమే నయమా?