వసూలు ఏజెన్సీకి రాసే ఉత్తరంలో ఇంటి చిరునామా పెట్టాలా, వద్దా?

మారతహళ్లి అద్దెదారు:
బెంగళూరు బీటీఎం లేఅవుట్‌లో పీజీలో ఉన్న రోజుల్లో తీసుకున్న క్రెడిట్ కార్డు మీద నాకు ఒక బకాయి మిగిలిపోయింది. చివరిసారి డబ్బు కట్టి రెండేళ్లు దాటింది. అందులో అసలు ఎంత, వడ్డీ ఎంత అన్న లెక్క దగ్గర నాకూ బ్యాంకుకూ కుదరడం లేదు. ఈమధ్య ఆ ఖాతాను వసూలు ఏజెన్సీకి అప్పగించారు. బాకీని ఎంతకు ముగించుకోవచ్చో తెలిపే సెటిల్‌మెంట్ లెటర్ పంపాలి కాబట్టి ఇప్పుడు ఉంటున్న ఇంటి అడ్రస్ చెప్పమని వారి మనిషి ఫోన్ మీద ఫోన్ చేస్తున్నాడు. లెక్క వివరాలు కోరుతూ నేనే వారికి ఉత్తరం రాద్దామనుకుంటున్నాను. అయితే ఇంట్లో మా అత్తమామలు ఉన్నారు, కింది అంతస్తులో ఇంటి యజమాని ఉన్నారు. అందుకని ప్రకాశం జిల్లాలోని మా ఊరి చిరునామా రాసి పంపుదామని నా ఆలోచన; ఆధార్‌లో ఉన్నదీ అదే. ఇది సరైన పద్ధతేనా?

కోరమంగళ వాసి:
ఇప్పటి చిరునామా ఎట్టి పరిస్థితుల్లోనూ ఏజెన్సీకి ఇవ్వకండి. ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత బాకీ కోసం ఫోన్ చేయకూడదనీ, కుటుంబసభ్యుల, స్నేహితుల జోలికి పోకూడదనీ రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టు 12న స్పష్టంగా చెప్పిన మాట నిజమే. కానీ కాగితం మీది నియమాన్ని గుమ్మం ముందు నిలబడ్డ మనిషి చేత పాటింపజేసేది ఎవరు? సెటిల్‌మెంట్ లెటర్ ఈమెయిల్‌లో కూడా వస్తుంది. దానికి మీ ఇంటి నంబరుతో పనేమీ లేదు. ఉత్తరాలే కావాలంటే పోస్టాఫీసులో పోస్టు బాక్సు అద్దెకు తీసుకోండి. అమెరికాలో 1977 నాటి చట్టం వసూలుదారులు పోస్టుకార్డు రాయడాన్నే నిషేధించింది, కవరు చూసి అది బాకీ వ్యవహారమని తెలియకూడదని కూడా అన్నది. ఇక్కడేమో అపార్ట్‌మెంటు సెక్యూరిటీ గార్డు కవరు మీది ఎర్రక్షరాలు చదివాకే పైకి పంపుతాడు.

సివిల్ కోర్టు న్యాయవాది:
పై సలహాలో సగం మంచిది, సగం ప్రమాదకరమైనది. ఏజెంటుకు చెప్పకపోవడం వేరు, అప్పు ఇచ్చిన సంస్థకే చెప్పకపోవడం వేరు. కార్డు ఒప్పందాల్లో మధ్యవర్తిత్వపు షరతు, అంటే తగాదాను కోర్టు బదులు మధ్యవర్తి తేల్చాలనే షరతు, ఉండటం మామూలే. ఆరా తీసినా కొత్త చిరునామా దొరకనప్పుడు, చివరిగా తెలిసిన చిరునామాకు రిజిస్టర్డ్ పోస్టు వంటి రుజువు ఉండే పద్ధతిలో పంపిన నోటీసు అందినట్టే లెక్క అని 1996 నాటి మధ్యవర్తిత్వ చట్టం మూడో సెక్షన్ చెబుతుంది. అంటే మీరు ఎప్పుడో ఖాళీ చేసిన ఆ పీజీకి నోటీసు వెళ్తుంది, అక్కడ దాన్ని తీసుకునేవారు ఉండరు, మీ వాదన వినకుండానే తీర్పు వచ్చేస్తుంది. సివిల్ దావా అయినా అంతే. సమన్లు తలుపుకు అంటించవచ్చు, కోర్టు అనుమతిస్తే పత్రికలో ప్రకటించవచ్చు, ఆ తర్వాత మీరు లేకుండానే ఏకపక్షంగా డిక్రీ, అంటే కోర్టు తీర్పు, ఇవ్వవచ్చు. దాన్ని రద్దు చేయించుకోవడానికి తిరిగే తిరుగుడు ఏ ఏజెంటు పెట్టే బాధకూ తీసిపోదు.

చిరునామా కంటే ముందు ఉత్తరంలో ఏం రాస్తున్నారో చూసుకోండి. ఇలాంటి బాకీకి దావా గడువు మామూలుగా మూడేళ్లు. ఆ గడువు తీరకముందే "బాకీ ఉన్న మాట నిజమే, కొంచెం సమయం ఇవ్వండి" అని సంతకం పెట్టి రాస్తే, 1963 నాటి లిమిటేషన్ చట్టం 18వ సెక్షన్ ప్రకారం ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు మొదలవుతాయి. చిరునామా దాచిపెట్టి ఈ వాక్యం రాసి ఇచ్చేసినవారిని నేను ఒకరిద్దరిని కాదు, చాలామందిని చూశాను.

కోరమంగళ వాసి:
న్యాయవాది గారూ, బ్యాంకుకు చెప్పిన చిరునామా మర్నాటికే ఏజెన్సీ చేతిలో ఉంటుంది. మీరు గీసిన గీత కాగితం మీదే ఉంది.

సివిల్ కోర్టు న్యాయవాది:
చేరే అవకాశం ఉంది, కాదనను. పైగా మీరు వేరే చోట అప్పుకు దరఖాస్తు పెట్టినా కొత్త చిరునామా మీ అప్పుల చరిత్ర చూపే క్రెడిట్ రిపోర్టులో కనిపించవచ్చు. ఏడాదికి ఒకసారి ఆ రిపోర్టు ఉచితంగా తీసుకునే హక్కు ఉంది కాబట్టి, మీ పేరు కింద ఏయే చిరునామాలు నమోదయ్యాయో ముందు చూసుకుంటే, దాచడానికి ఇంకా ఏమైనా మిగిలిందో లేదో తెలుస్తుంది. ఇంటికి వచ్చిన ఏజెంటు దగ్గర బ్యాంకు ఇచ్చిన అధికార పత్రమూ గుర్తింపు కార్డూ ఉండాలి. అవి చూపమని అడగండి, చూపకపోతే బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లవచ్చు.

యలహంక గృహిణి:
చట్టం సంగతి పెద్దలు చెప్పారు కాబట్టి నేను అటు వెళ్లను. ప్రశ్న అడిగిన తమ్ముడు ఊరి చిరునామా రాస్తానన్నాడు. అందరూ దాన్ని దాటేసి మాట్లాడుతున్నారు. మా మరిది సరిగ్గా అదే చేశాడు. పదకొండు నెలలకొకసారి ఇల్లు మారే ఈ నగరంలో అతను హాయిగానే ఉన్నాడు, ఏజెంట్లు మాత్రం కడప జిల్లాలోని మా మామగారి ఇంటికి వెళ్లారు. అరుగు మీద కూర్చొని, దారిన పోయే ప్రతివారికీ వినపడేలా అబ్బాయి బాకీ ఎంతో చెప్పారు. బెంగళూరులో పక్క ఫ్లాటువారికి మన పేరు కూడా తెలియదు. అక్కడ ఊళ్లో ముప్పై ఏళ్లు బడిలో పాఠం చెప్పిన మా మామగారు ఆ తర్వాత నెల రోజులు టీ కొట్టు వైపు వెళ్లలేదు. తమ్ముడూ, ఆ చిరునామా రాస్తే నీ ఇంటికి రావలసినవాళ్లు మీ నాన్నగారి ఇంటికి వెళ్తారు.

మారతహళ్లి అద్దెదారు:
అక్కా, నేను ఆ వైపు నుంచి ఆలోచించనే లేదు. ఉత్తరం ఏజెన్సీకి కాకుండా బ్యాంకు ఫిర్యాదుల అధికారికి రాస్తున్నాను. లెక్క వివరాలు అడుగుతాను, బాకీని ఒప్పుకునే మాట ఒక్కటీ రాయను. ఉత్తరప్రత్యుత్తరాలకు ఇప్పుడున్న ఇంటి చిరునామాయే ఇచ్చి, ఊరి ఇంటికి ఎవరినీ పంపవద్దని అందులోనే కోరుతాను. ఉత్తరం వేసే ముందు మా మామగారికి విషయం చెప్పాలి. రేపు ఆదివారం, అందరం ఇంట్లోనే ఉంటాం.

కోరమంగళ వాసి:
మీ ఇష్టం. నేనైతే ఇప్పటికీ పోస్టు బాక్సే తీసుకుంటాను.