ఒకే డిస్కులో విండోస్, రెండు లినక్స్‌లు: పార్టిషన్లు మీరెలా పంచుకున్నారు?

ఎరువులకొట్టు_హన్మకొండ
అందరికీ నమస్కారం. మా నాన్నగారి ఎరువుల దుకాణంలోని డెస్క్‌టాప్ పగలు బిల్లులకు, రాత్రి నా చదువుకు పనికొస్తోంది. విండోస్ 10కు 2025 అక్టోబర్ 14తో ఉచిత మద్దతు ఆగిపోయింది, ఈ యంత్రం మీద విండోస్ 11 ఎక్కదు. బిల్లుల కోసం విండోస్‌ను ఉంచుతూనే పక్కన ఉబుంటు, డెబియన్ అనే రెండు లినక్స్‌లు పెట్టుకోవాలనుకుంటున్నాను. డబ్బా మీద 500 జీబీ అని ఉన్న డిస్కును విండోస్ 465 జీబీగానే చూపిస్తోంది. కొన్న రోజే దానిని సిస్టమ్ రిజర్వ్‌డ్, సి, డి, ఇ అని నాలుగు ప్రైమరీ పార్టిషన్లు (డిస్కులోని ముఖ్యమైన ముక్కలు) చేసి ఇచ్చారు. నా సందేహాలు మూడు. ఒక్కో లినక్స్‌కు ఎంత చోటు ఇవ్వాలి? అన్నింటిలోనూ తెరవాల్సిన ఫైళ్ళను ఏ ఫార్మాట్‌లో ఉంచాలి? రెండు లినక్స్‌లకూ కలిపి ఒకే హోమ్ (వాడేవారి ఫైళ్ళు, సెట్టింగులు ఉండే) పార్టిషన్ సరిపోతుందా?

చౌరస్తా_సర్వీస్
తమ్ముడూ, నేను 1998 నుంచి హన్మకొండలో కంప్యూటర్లు బాగు చేస్తున్నాను. 4 జీబీ డిస్కును సి, డి అని రెండు ముక్కలు చేసిన చేతులివి. నీవు ఇంత ఆలోచించవలసిన పని లేదు. డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి ఇ డ్రైవును ష్రింక్ చేయి, అంటే కుదించు, మిగిలిన చోటులో కొత్త వాల్యూమ్ తయారు చేయి. మధ్యలో ఒక హెచ్చరిక వస్తుంది, దానికి అవును అని నొక్కితే అయిదోది కూడా వచ్చేస్తుంది.

కాజీపేట_టెర్మినల్
దయచేసి ఆ అవును నొక్కకండి. ఎంబీఆర్ పట్టికలో, అంటే డిస్కు మొదట్లో ఉండే పాత పద్ధతి పార్టిషన్ల జాబితాలో, ప్రైమరీ పార్టిషన్లకు నాలుగే గళ్ళు ఉంటాయి. ఒక్కో గడికి 16 బైట్లు, మొత్తం 64 బైట్లు, అంతే చోటు. అయిదోది అడగగానే విండోస్ ఆ డిస్కును డైనమిక్‌గా, అంటే విండోస్ సొంత పద్ధతి డిస్కుగా, మారుస్తానంటుంది. ఆ హెచ్చరిక చెప్పేది కూడా అదే. ఒకసారి డైనమిక్ అయిందంటే లినక్స్ ఇన్‌స్టాలర్‌కు అది మామూలు పార్టిషన్ల డిస్కుగా కనిపించదు. విండోస్ సొంత పనిముట్లతో తిరిగి బేసిక్ (మామూలు డిస్కు) చేయాలంటే డిస్కులోని వాల్యూములన్నీ చెరిపేయాలి. ఈ కుర్రవాడి డి డ్రైవులో దుకాణం ఖాతాలు ఉన్నాయో ఏమో, అవును నొక్కమని సలహా ఇచ్చే ముందు ఆ ఒక్క మాటైనా అడగవలసింది.

చౌరస్తా_సర్వీస్
వందకు పైగా యంత్రాల్లో అలాగే చేశాను, ఒక్కరి ఫైలు కూడా పోలేదు. పుస్తకంలో చదివి చెప్పడం వేరు, ఎదురుగా కస్టమర్ కూర్చుని ఉండగా చేయడం వేరు.

కాజీపేట_టెర్మినల్
ఆ వంద యంత్రాల్లో లినక్స్ ఎన్నింటిలో ఉన్నదో కూడా చెప్పండి సార్.

మంచిర్యాల_టీచర్
మీ ఇద్దరి వాదానికి అడ్డు వస్తున్నందుకు క్షమించాలి. పార్టిషన్ల కన్నా ముందు చూసుకోవలసింది బిట్‌లాకర్ (విండోస్ డిస్కు ఎన్‌క్రిప్షన్) తాళం అని నా అనుభవం. నేను కొన్న విండోస్ 11 ల్యాప్‌టాప్ తనంతట తానే డిస్కును ఎన్‌క్రిప్ట్ చేసుకున్నదని నాకు తెలియదు. ఉబుంటు పెన్‌డ్రైవ్ కోసం సెక్యూర్ బూట్ (నమ్మిన వ్యవస్థలనే మొదలవనిచ్చే రక్షణ) ఆపాను. తరువాత విండోస్‌లోకి పోదామంటే నీలి తెర వచ్చి 48 అంకెల రికవరీ కీ అడిగింది. ఆ కీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుందట. ఆ ఖాతా ఎవరిదని చూస్తే, ల్యాప్‌టాప్ అమ్మిన కొట్టులోని కుర్రవాడు మొదటిరోజు తన సొంత ఈమెయిల్‌తో లాగిన్ అయి ఇచ్చాడు. అతను అప్పటికే ఆ పని మానేసి వెళ్ళిపోయాడు. నాలుగు రోజులు వెతికి అతని నంబరు పట్టుకున్నాను. అతను ఫోనులో ఆరేసి అంకెల చొప్పున ఎనిమిది గుంపులు చదువుతూ ఉంటే నేను సమాధాన పత్రాల వెనుక రాసుకున్నాను. పదవ తరగతి మార్కులు ఎక్కిస్తున్నప్పుడు కూడా నా చేయి అంతగా వణకలేదు.

చౌరస్తా_సర్వీస్
మేడం, ఆ కుర్రవాడు మా కొట్టువాడు కాదు, ముందే చెబుతున్నాను.

నిజామాబాద్_అనువాదం
ప్రశ్నలోని రెండో భాగాన్ని అందరూ వదిలేశారు. నేను అయిదేళ్ళుగా డి డ్రైవును విండోస్ ఫార్మాట్ ఎన్‌టీఎఫ్‌ఎస్‌లోనే ఉంచి రెండు వైపుల నుంచీ వాడుతున్నాను. లినక్స్ దానిని చక్కగా చదువుతుంది, రాస్తుంది. అయితే మొదట్లో ఒక దెబ్బ తిన్నాను. విండోస్‌ను షట్‌డౌన్ చేశాననుకుని లినక్స్‌లోకి వెళ్ళి, ముప్ఫై పేజీల అనువాదాన్ని డి డ్రైవులో భద్రపరిచాను. మరునాడు విండోస్‌లో చూస్తే ఆ ఫైలు లేదు. ఫాస్ట్ స్టార్టప్ అనే సదుపాయం ఉన్నంతకాలం షట్‌డౌన్ అంటే నిజమైన షట్‌డౌన్ కాదు. విండోస్ సగం నిద్రలో ఉండి డిస్కు గురించి పాత సంగతినే గుర్తు పెట్టుకుంటుంది. పవర్ ఆప్షన్లలో ఆ టిక్కు తీసేయాలి. అప్పటివరకు లినక్స్‌లోకి వెళ్ళాలంటే షట్‌డౌన్ కాకుండా రీస్టార్ట్ నొక్కండి, రీస్టార్ట్‌లో విండోస్ పూర్తిగానే దిగిపోతుంది. ఇప్పుడు చాలా లినక్స్‌లు అలాంటి డిస్కును చదవడానికి మాత్రమే తెరుస్తున్నాయి. అది లోపమని తిట్టుకునేవారు నా ముప్ఫై పేజీలను తలుచుకోండి.

చౌరస్తా_సర్వీస్
ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్ చేసుకుంటే ఈ గోలంతా ఉండదు.

నిజామాబాద్_అనువాదం
ఎక్స్‌ఫ్యాట్‌కు జర్నల్, అంటే రాతల చిట్టా, లేదు. కరెంటు పోయినప్పుడు ఏ ఫైలు సగంలో ఆగిందో దానికి గుర్తుండదు. పెన్‌డ్రైవుకు సరే, దుకాణం బిల్లులకు నేను పెట్టను.

గోదావరిఖని_సెకండ్‌షిఫ్ట్
కరెంటు మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. రామగుండం పొగ గొట్టాలు మేడ మీది నుంచి కనిపించే ఇంట్లో ఉంటూ కరెంటుకు భయపడడమేమిటని నవ్వకండి. గాలివానకు వీధిలో తీగ తెగితే ఎవరి ఇంట్లోనైనా చీకటే. నేను జీపార్టెడ్ అనే పార్టిషన్ల పనిముట్టులో ఒక పార్టిషన్ మొదలును ఎడమవైపుకు జరిపాను. చివరను పెంచడానికి క్షణాలు చాలు. మొదలును జరిపితే మాత్రం లోపలి సరుకంతా ఒక చోటి నుంచి ఇంకో చోటికి మోయాలి. 180 జీబీకి అయిదు గంటలు పడుతుందని చూపించింది. మూడో గంటలో కరెంటు పోయింది. ఇన్వర్టర్ ఉన్నది, కానీ అది అందుకునే ఆ రెప్పపాటులోనే డెస్క్‌టాప్ ఆగి మళ్ళీ మొదలైంది. సగం సరుకు పాత చోట, సగం కొత్త చోట ఉండిపోయింది. టెస్ట్‌డిస్క్ అనే రికవరీ పనిముట్టుతో పార్టిషన్ పట్టికను తిరిగి రాబట్టగలిగాను గాని, 2024 మేడారం జాతరలో తీసిన వీడియోల్లో నాలుగో వంతు కూడా తెరుచుకోలేదు. యూపీఎస్ లేకుండా ఎవరూ పార్టిషన్ జరపవద్దు.

కాజీపేట_టెర్మినల్
అందుకే జరపడం అనేదే లేని మార్గం చెబుతాను. ఇ డ్రైవులోని సరుకును బయటి డిస్కులోకి కాపీ చేసి ఆ పార్టిషన్‌ను తీసేయండి. అప్పుడు మూడు ప్రైమరీలే మిగులుతాయి. ఎంబీఆర్2జీపీటీ అనే మైక్రోసాఫ్ట్ పనిముట్టు కోరేది కూడా అదే: మూడుకు మించి ప్రైమరీలు ఉండకూడదు, ఎక్స్‌టెండెడ్ (లోపల మరికొన్ని ముక్కలను ఉంచుకునే పార్టిషన్) ఉండకూడదు. దానితో డిస్కును ఎంబీఆర్ తరువాత వచ్చిన కొత్త పట్టిక జీపీటీకి మార్చి, బయోస్‌లో (బోర్డు సెట్టింగుల్లో) యూఈఎఫ్‌ఐ అనే కొత్త బూట్ పద్ధతి పెట్టుకుంటే మామూలుగా 128 పార్టిషన్ల వరకు చోటు ఉంటుంది, పట్టికకు డిస్కు చివర ఒక నకలు కూడా ఉంటుంది. ఈ రోజుల్లో ఎంబీఆర్‌ను పట్టుకుని వేలాడడం పాతవాసన తప్ప మరొకటి కాదు.

చౌరస్తా_సర్వీస్
పాతవాసన అని ఎవరిని అంటున్నారు? 2 టీబీ దాటని డిస్కుకు ఎంబీఆర్ ఏం తక్కువ చేసింది? నిన్న మొన్న వచ్చినవారు ఇరవై ఏడేళ్ళ అనుభవాన్ని వాసన చూస్తున్నారు.

మంచిర్యాల_టీచర్
ఇద్దరూ కాస్త నెమ్మదించండి. ప్రశ్న అడిగిన బాబు కంటికి కూడా కనిపించడం లేదు.

ఎరువులకొట్టు_హన్మకొండ
ఇక్కడే ఉన్నాను మేడం, చదువుతున్నాను. బయోస్ అంతా వెతికాను. మాది మొదటి తరం ఐ3 బోర్డు, అందులో యూఈఎఫ్‌ఐ అనే మాటే లేదు.

చౌరస్తా_సర్వీస్
చూశారా! విండోస్ 11 ఎక్కదని మొదటి ప్రశ్నలోనే రాశాడు. యంత్రం వయసు నాకు అప్పుడే తెలిసిపోయింది. యూఈఎఫ్‌ఐ లేని బోర్డు మీద విండోస్ బూట్ కావాలంటే ఎంబీఆరే దిక్కు. నేను మొదటి నుంచి చెబుతున్నది అదే.

కాజీపేట_టెర్మినల్
మీరు మొదటి నుంచి చెప్పింది డైనమిక్ చేయమని. యూఈఎఫ్‌ఐ ఉన్న బోర్డులు కూడా చాలా వాటికి టీపీఎం (భద్రతా చిప్) లేకనో ప్రాసెసర్ పాతదయ్యో విండోస్ 11కు దూరమయ్యాయి, కాబట్టి ఆ వాక్యంతో ఏమీ తేలదు. అయినా బోర్డు సంగతి ముందే అడగకపోవడం నా పొరపాటు, ఒప్పుకుంటున్నాను.

తమ్ముడూ, ఇ డ్రైవును ఖాళీ చేసి తీసేసే వరకు మార్గం మారదు. ఆ ఖాళీ చోటంతటినీ ఒక ఎక్స్‌టెండెడ్ పార్టిషన్‌గా చేసి, దానిలోపల లాజికల్ పార్టిషన్లు పెట్టు. లినక్స్ ఎక్స్‌టెండెడ్‌లో ఉన్నా హాయిగా బూట్ అవుతుంది. అయితే ఒక జాగ్రత్త. లాజికల్ వాటికి లినక్స్ 5 నుంచి సంఖ్యలు ఇస్తుంది, మధ్యలో ఒకటి తీసేస్తే వెనకున్నవన్నీ ఒక సంఖ్య ముందుకు జరుగుతాయి. నేను 6లో ఉబుంటు ఉండగా 5ను చెరిపాను. 6 కాస్తా 5 అయింది, బూట్ చేయగానే గ్రబ్ (బూట్ మెనూ చూపే ప్రోగ్రాము) అలాంటి పార్టిషన్ లేదని చెప్పి నల్ల తెర మీద ఆగిపోయింది. ఎఫ్‌స్టాబ్‌లో (లినక్స్ తెరవాల్సిన పార్టిషన్ల జాబితాలో) సంఖ్యలకు బదులు యూయూఐడీ (పార్టిషన్‌కు ఉండే ప్రత్యేక గుర్తు) రాయడం ఆ రాత్రి నేర్చుకున్నాను.

పెద్దపల్లి_పాలబూత్
డ్యూయల్ బూట్ పెట్టుకున్నవారు గడియారం సంగతి మరిచిపోకండి. లినక్స్ బోర్డు మీది గడియారంలో గ్రీనిచ్ సమయం ఉంచుతుంది, విండోస్ దానినే మన సమయం అనుకుంటుంది. తేడా అయిదున్నర గంటలు. తెల్లవారుజామున 5 గంటలకు నేను బూత్ తెరిస్తే విండోస్ ముందురోజు రాత్రి 11:30 చూపించేది. వారం రోజుల పాటు తెల్లవారుజాము బిల్లులన్నీ నిన్నటి తేదీతో పడ్డాయి, నిన్ననే డబ్బులు కట్టానని ఒక ఖాతాదారు నాతోనే వాదానికి దిగాడు. ఇంటర్నెట్ సమయంతో సరిచేస్తే ఒక్క పూట నిలుస్తుంది, మళ్ళీ లినక్స్‌లోకి వెళ్ళి రాగానే మొదటికొస్తుంది. లినక్స్‌కే గడియారంలో స్థానిక సమయం ఉంచమని చెప్పిన తరువాత నాకు ఆ బాధ తప్పింది. ఎరువుల బిల్లులకూ తేదీ ముఖ్యమే కదా.

ఎరువులకొట్టు_హన్మకొండ
అందరికీ ధన్యవాదాలు. ఆదివారం దుకాణం మూసిన తరువాత, పక్కింటివారి యూపీఎస్ అడిగి తెచ్చి పని పూర్తి చేశాను. ఇ డ్రైవు తీసేస్తే 160 జీబీ వచ్చింది. ఉబుంటుకు 60, డెబియన్‌కు 40, స్వాప్‌కు (మెమరీ చాలనప్పుడు వాడే చోటుకు) 4 ఇచ్చి మిగతాది ఖాళీగానే ఉంచాను. ఫాస్ట్ స్టార్టప్ ఆపేశాను. డెబియన్ పెట్టిన తరువాత గ్రబ్ మెనూలో విండోస్ కనిపించక కాసేపు గుండె ఆగినంత పనైంది. డిస్కులోని ఇతర వ్యవస్థలను వెతికే ఓఎస్-ప్రోబర్ ఈమధ్య మామూలుగా ఆగే ఉంటోందని తెలిసి, దానిని తెరిచి మెనూను మళ్ళీ రాయించాను. అయితే నా మూడో ప్రశ్న, హోమ్ సంగతి, ఇంకా అలాగే ఉంది.

కాజీపేట_టెర్మినల్
హోమ్ కలపవద్దు. రెండు లినక్స్‌ల ప్రోగ్రాముల వెర్షన్లు వేరువేరుగా ఉంటాయి. కొత్తది రాసిన సెట్టింగులను పాతది అర్థం చేసుకోలేక తికమక పడుతుంది. దేని హోమ్ దానికి ఉంచి, ఆ ఖాళీ చోటును పత్రాలకు మాత్రం ఉమ్మడిగా వాడుకో.

ఎరువులకొట్టు_హన్మకొండ
అలాగే చేస్తాను అన్నా. ఇంకొక్క మాట. మా నాన్నగారు ఈ చర్చ అంతా చదివించుకుని, మిగతాది ఏమీ పట్టించుకోకుండా, 500లో ఆ 35 జీబీ ఎక్కడికి పోయిందని అడుగుతున్నారు.

నిజామాబాద్_అనువాదం
ఎక్కడికీ పోలేదు. తయారీదారు వెయ్యి చొప్పున లెక్కిస్తాడు, విండోస్ 1024 చొప్పున లెక్కిస్తుంది. బైట్లు మాత్రం అవే.

ఎరువులకొట్టు_హన్మకొండ
చెప్పాను. యూరియా బస్తా 50 కిలోల నుంచి 45 కిలోలు అయినప్పుడు రైతులకు తాను కూడా ఇలాగే ఏదో లెక్క చెప్పానని అంటున్నారు.