లారీ కింద పడుకున్న పిల్లికి గ్రీజు అంటుకుంది, పోవడం లేదు

చీమకుర్తి నుంచి (అడిగినవారు):
మా ముగ్గు తెల్లపిల్లి. ఇంట్లో తిని బయట తిరిగే రకం. వీధి చివర గ్రానైట్ పాలిష్ యూనిట్ ఉంది, అక్కడ రాత్రంతా లారీలు ఆగి ఉంటాయి. ఇంజన్ వెచ్చగా ఉంటుందేమో, ఇది వాటి కిందే పడుకుంటుంది. మొన్న పొద్దున వచ్చేసరికి వీపు నుంచి తోక దాకా నల్లటి గ్రీజు. దాని మీద రాతిపిండి పడి అట్ట కట్టింది. షాంపూతో రెండుసార్లు రుద్దాను, పోలేదు సరికదా ఇంకా పరుచుకుంది. పక్కింటి మెకానిక్ అన్న డీజిల్ గుడ్డతో తుడిస్తే నిమిషంలో పోద్ది అంటున్నాడు. తుడవచ్చా?

ఒంగోలు నుంచి:
వద్దక్కా, డీజిల్ జోలికి పోవద్దు. కిరోసిన్, పెట్రోలు, పెయింట్ థిన్నర్ కూడా అంతే. మెకానిక్ చేతులకు పనికొస్తుంది, ఆయన తర్వాత సబ్బుతో కడుక్కుంటాడు. పిల్లి కడుక్కోదు, నాకుతుంది. ఒంటి మీద ఏది పూస్తే అది సాయంత్రానికి కడుపులో ఉన్నట్టే. చర్మం కాలుతుంది, ఆ డీజిల్ ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. ముందు ఒక పని చేయండి, ఆ గ్రీజు నాకకుండా పాత టీషర్టు చేతుల్లోంచి ముందుకాళ్లు దూర్చి తొడగండి. అలుగుతుంది, అలగనివ్వండి.

కావలి నుంచి:
ఫినాయిల్, క్రిమినాశక ద్రావకాలు కూడా వద్దు. ఫినాల్ జాతి పదార్థాలను విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. మనం జ్వరానికి వేసుకునే పారాసెట్మాల్ పిల్లికి విషమయ్యేది కూడా ఇందుకే. చాలామందికి ఈ సంగతి తెలియక సగం బిళ్ల వేసేస్తారు. నిమ్మచెక్క, టీ ట్రీ ఆయిల్ లాంటివి సహజం కదా అని రుద్దకండి.

చీమకుర్తి నుంచి:
అయ్యో, నిమ్మకాయ కోసి పెట్టుకున్నానండి! మరి దేనితో పోతుంది?

ఒంగోలు నుంచి:
కొబ్బరినూనె. నూనెను నూనెతోనే తీయాలి. మేము మా ఇంట్లో రెండుసార్లు చేసిన పద్ధతి చెప్తాను. మొదట నీళ్లు తగలనివ్వకండి, తడిస్తే రాతిపిండి ముద్దయిపోతుంది. ఆరిన పిండిని పళ్లు దూరంగా ఉన్న దువ్వెనతో మెల్లగా దువ్వి రాల్చండి. తర్వాత గ్రీజు ఉన్నచోట మాత్రమే కొబ్బరినూనె వేళ్లతో పట్టించి ఐదు నిమిషాలు ఆగండి, గ్రీజు వదులవుతుంది. పాత నూలుగుడ్డతో బొచ్చు పెరిగిన వైపే తుడవండి. గుడ్డ నల్లగా వస్తే మళ్లీ నూనె. రెండు మూడు విడతలు పడుతుంది. ఆ తర్వాత మిగిలిన జిడ్డు మీద శనగపిండి చల్లి, పది నిమిషాలాగి దులపండి.

చివర్లో గిన్నెలు తోమే లిక్విడ్ నాలుగు చుక్కలు గోరువెచ్చని నీళ్లలో కలిపి ఆ భాగం మాత్రం కడిగి, మంచినీళ్లతో బాగా తొలిచేయండి. సబ్బు మిగిలితే అదీ నాకుతుంది. ముఖం మీద మాత్రం నురుగు పోనివ్వద్దు. ఇద్దరు లేకుండా మొదలుపెట్టకండి, ఒకరు తువ్వాల్లో చుట్టి పట్టుకోవాలి.

పొదిలి నుంచి:
కుంకుడుకాయ పులుసు పనికిరాదా? మా అమ్మ గొర్రెపిల్లలకు కూడా వాడేది.

కావలి నుంచి:
వద్దన్నా. కంట్లో పడితే మంట, కడుపులోకి పోతే వాంతులు. పిల్లి ఎటూ నాకుతుంది కదా.

చీమకుర్తి నుంచి:
ఈ రోజు చేశాం. నా చేతులకు గీతలు, ముగ్గుకు స్నానం. ముప్పావు వంతు పోయింది! తోక మొదట్లో మాత్రం గట్టి ఉండ ఒకటి చర్మానికి అంటి ఉంది. కత్తెరతో తీసేయనా?

ఒంగోలు నుంచి:
జాగ్రత్తండీ, పిల్లి చర్మం పల్చన, బొచ్చుతో పాటు పైకి లేచివస్తుంది. ఉండను లాగి కత్తిరిస్తే చర్మం కూడా తెగుతుంది. ఉండకు, చర్మానికి మధ్య దువ్వెన దూర్చి, దువ్వెన పైన మాత్రమే కత్తిరించండి. దువ్వెన దూరకపోతే పశువుల డాక్టరు దగ్గర ట్రిమ్మర్‌తో తీయించండి. ఆరిన పెయింటుకు, తారుకు కూడా ఇదే మాట. బొచ్చు మీద పసుపు మరక మిగిలితే వదిలేయండి. దాన్ని పోగొట్టాలని రోజూ కడిగితే చర్మం పొడిబారి గీక్కుంటుంది. పాత బొచ్చు రాలి కొత్తది వస్తే మరకా పోతుంది. ఈలోగా చొంగ కారడం, వాంతులు, ఆయాసం, తిండి మానేయడం కనిపిస్తే అదే రోజు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ఒంటికి ఏమి అంటుకుందో కూడా చెప్పండి.

పొదిలి నుంచి:
మా నల్లపిల్లి వీపు ఎర్రబడుతోంది. అదీ మరకేనా?

కావలి నుంచి:
తుడిస్తే గుడ్డకు అంటకపోతే మరక కాదు. ఎండలో పొర్లే నల్లపిల్లులకు బొచ్చు రంగు అలా వెలుస్తుంది. తిండిలో మాంసకృత్తులు తక్కువైనా జరుగుతుంది, ఉత్తి పాలన్నం పెడుతుంటే చేపముక్క కలపండి.

చీమకుర్తి నుంచి:
ఉండ తీయించాం. తోక మొదట్లో రూపాయి బిళ్లంత బోడి. డ్రైవర్లకు చెప్పాను, స్టార్ట్ చేసేముందు ఒకసారి కేబిన్ మీద గట్టిగా తట్టమని. ఒకాయన, 'మీ పిల్లే కాదమ్మా, లోపల ఇంకో రెండున్నాయి' అన్నాడు.